కెమెరా పరీక్షకు ముందు యాంటీబయోటిక్ – ఎవరికి కావాలి, ఎవరికి వద్దు?

ఎండోస్కోపీ గది తలుపు దగ్గర మా సిస్టర్లకు దాదాపు ప్రతి వారమూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ముందుగా ఇంజెక్షన్ ఏమీ ఇవ్వరా సిస్టర్ గారూ?" అన్నదే ఆ ప్రశ్న. అడిగేవారి ముఖంలో భయం కనబడుతుంది. ఇవ్వము అని చెబితే ఆ భయం ఇంకా పెరుగుతుంది. అందుకని ఈ సంచికలో దాని గురించే కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

కొన్ని నెలల క్రితం ఒక అబ్బాయి తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెకు 52 ఏళ్ళు. రెండు నెలలుగా పైకడుపులో మంట, కడుపు ఖాళీ అయితే నొప్పి, తెల్లవారుజామున ఆ నొప్పికే మెలకువ. డాక్టరు గారు గ్యాస్ట్రోస్కోపీ వ్రాశారు. చీటీ తీసుకుని నేను వివరాలు అడుగుతూ ఉంటే ఆ అబ్బాయి, "మా అమ్మకు ఎకోలో గుండె వాల్వు కొంచెం లీకు ఉందని చెప్పారండి. మా పెద్దమ్మకు కూడా వాల్వు జబ్బే. 2005లో ఆమెకు ఈ పరీక్ష చేసినప్పుడు ముందు రెండు ఇంజెక్షన్లు ఇచ్చారు. మీరు ఇవ్వరేమోనని నేనే ముందు జాగ్రత్తగా వేయించాను" అని జేబులోనుండి ఒక స్ట్రిప్పు తీసి చూపించాడు. అమాక్సిసిల్లిన్ 500. పది క్యాప్సూల్సులో నాలుగు మాత్రమే మిగిలి ఉన్నాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చారట. రెండు రోజులుగా పూటకొకటి చొప్పున ఆమెకు వేశాడు.

నేను అతనిని కోప్పడలేదు. తల్లి మీద ప్రేమతో చేసిన పని. పైగా అతను చెప్పినదానిలో అబద్ధమూ లేదు. 2005లో వాళ్ళ పెద్దమ్మకు అలా ఇచ్చి ఉంటారు. ఆ రోజులలో నేనూ నా చేతులతో ఎంతోమందికి ఇచ్చాను. ఆ ఆరు క్యాప్సూల్సు వలన ఆమెకు ఏమైందో చివరిలో చెబుతాను. ముందు ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో చూద్దాము.

ఆ ఇంజెక్షన్ ఎందుకు ఇచ్చేవారు?

మన నోటిలో, గొంతులో, ప్రేగులలో కోట్ల సంఖ్యలో సూక్ష్మక్రిములు ఉంటాయి. అవి ఉన్నచోట ఉన్నంతకాలం మనకు హాని చేయవు, కొన్ని మేలు కూడా చేస్తాయి. కెమెరా గొట్టం లోపలికి వెళ్ళినప్పుడు లోపలి పొర అక్కడక్కడ ఒరుసుకుంటుంది. చిన్న ముక్క తీసినా, సన్నబడిన అన్నవాహికను వెడల్పు చేసినా కొన్ని క్రిములు రక్తంలోకి జారతాయి. ఆరోగ్యవంతులలో వాటిని శరీరం కొద్ది నిమిషాలలోనే తుడిచివేస్తుంది. అయితే గుండె కవాటము, అంటే వాల్వు, పాడైపోయి గరుకుగా ఉన్నచోట, లేదా ఆపరేషన్ చేసి కృత్రిమ వాల్వు వేసినచోట ఆ క్రిములు అంటుకుని గూడు కట్టుకోగలవు. దానిని ఎండోకార్డైటిస్ అంటారు. వారాల తరబడి జ్వరం, వాల్వు తినివేయబడటం, ఒక్కొక్కసారి పక్షవాతం. చాలా ప్రమాదకరమైన జబ్బు. నెల పైబడి సెలైను ద్వారా మందులు ఎక్కించవలసి వస్తుంది.

మన ప్రాంతంలో వాల్వు జబ్బు కొత్తది కాదు. చిన్నతనంలో గొంతునొప్పి, దానికి సరియైన వైద్యం లేక కీళ్ళ జ్వరం, దాని వెనుక వాల్వు పాడవటం, ఇది మన కుటుంబాలలో ఎంతోమంది ఎరిగిన కథే. కనుక ఎండోస్కోపీకి వచ్చినవారికి గుండె జబ్బు ఉందంటే చాలు, ఆంపిసిల్లిన్ ఒకటి, జెంటామైసిన్ ఒకటి, రెండు ఇంజెక్షన్లు తయారు చేసుకునేవాళ్ళము. అమెరికా గుండె వైద్యుల సంఘమువారి 1997 సూచనలలో ఆ రెండు మందులూ ఉన్నాయి. నిజానికి వారు చెప్పినది ఎక్కువ ప్రమాదం ఉన్నవారికి, కొన్ని రకాల ప్రక్రియలకు. కాని అంత జల్లెడ పట్టే తీరిక ఎవరికి ఉంటుంది? ఇస్తే పోయేదేముంది అని అందరికీ ఇచ్చేవారు.

పోయేదేముందో నేను 1998లో చూశాను. అప్పుడు నేను వేరే ఊరిలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ముప్పై ఏళ్ళు కూడా లేని ఒక చెల్లెమ్మ, వాల్వు జబ్బు ఉన్న మనిషి, ముద్ద మింగితే అడ్డుపడుతోందని పరీక్షకు వచ్చింది. టెస్ట్ డోసు చేశాను. ఏమీ రాలేదు. ఆంపిసిల్లిన్ పూర్తి మోతాదు ఇచ్చి సూది ఇంకా ట్రేలో పెట్టలేదు, "అక్కా, దురదగా ఉంది" అన్నది. చూస్తుండగానే పెదవులు వాచాయి, గొంతు బొంగురుపోయింది, నాడి చేతికి దొరకలేదు. అడ్రినలిన్, ఆక్సిజన్, సెలైన్లు, డాక్టరు గారు పరుగెత్తి రావటం, అంతా కలిపి పావుగంట అయి ఉంటుంది. నాకు మాత్రం ఒక రాత్రంతా గడిచినట్లు అనిపించింది. ఆమె బ్రతికింది. మూడు వారాల తర్వాత ఏ ఇంజెక్షనూ లేకుండానే పరీక్ష చేశారు. పెద్ద జబ్బేమీ కనబడలేదు. ఆ రోజు మేము చేసినది ఆనాటి పద్ధతి ప్రకారమే. ఈనాటి లెక్కలో ఆమెకు ఆ ఇంజెక్షన్ అవసరమే లేదు. టెస్ట్ డోసు బాగుంటే భయం లేదని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు, కనుక ఇది వ్రాశాను.

2007లో ఏమి మారింది?

అమెరికా గుండె వైద్యుల సంఘము 2007లో తన సూచనలను మార్చుకుంది. ఎండోకార్డైటిస్ రాకుండా ఉండటానికి అని చెప్పి జీర్ణాశయ ఎండోస్కోపీకి ముందు యాంటీబయోటిక్ ఇవ్వనవసరం లేదని స్పష్టంగా చెప్పింది. మరుసటి సంవత్సరం ఇంగ్లాండులోనూ అదే మాట చెప్పారు. యూరప్ గుండె వైద్యుల సంఘము మాత్రం 2023లో, కృత్రిమ వాల్వు ఉన్నవారు, ముందొకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవారు వంటి అత్యధిక ప్రమాదం గలవారి విషయంలో డాక్టరు ఆలోచించి ఇవ్వవచ్చునని చిన్న వెసులుబాటు ఉంచింది. ఇవ్వాలి అనలేదు, ఇవ్వవచ్చు అన్నది.

మార్పుకు కారణం చాలా సులువుగా అర్థమయ్యేదే. అమెరికాలోని ఎండోస్కోపీ వైద్యుల సంఘము ఒకచోట చేర్చిన లెక్కలు చూడండి. మామూలు గ్యాస్ట్రోస్కోపీ గాని, కొలనోస్కోపీ గాని చేసినప్పుడు క్రిములు రక్తంలోకి వెళ్ళేది సగటున నూటికి నలుగురైదుగురిలో. ఉదయం పళ్ళు తోముకుని దారంతో సందులు శుభ్రం చేసుకున్నప్పుడు నూటికి 20 నుండి 68 మందిలో. అన్నం నమిలినప్పుడు నూటికి 7 నుండి 51 మందిలో! మీరు జీవితంలో ఎండోస్కోపీ ఒకటి రెండుసార్లు చేయించుకుంటారు. పళ్ళు ప్రతిరోజూ తోముతారు, అన్నం మూడుపూటలా తింటారు. పళ్ళు తోమటానికి ముందు ఎవరమూ ఇంజెక్షన్ చేయించుకోము గదా. పైగా ఎండోస్కోపీ వలన ఎండోకార్డైటిస్ వచ్చిన సంఘటనలు బహు అరుదు, యాంటీబయోటిక్ ఇస్తే అవి కూడా ఆగుతాయని ఎక్కడా ఋజువు కాలేదు.

కనుక వాల్వు జబ్బు ఉన్నవారు భయపడవలసినది కెమెరా గొట్టానికి కాదు, పాడైన పళ్ళకు, చిగుళ్ళకు. గుండె జబ్బు ఉన్నవారు నా దగ్గరకు వస్తే నేను ముందు నోరు తెరిపించి చూస్తాను. వాళ్ళు ఆశ్చర్యపోతారు.

మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, గుండెకు స్టెంటు వేసినవారు, షుగరు ఉన్నవారు కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నారు. మామూలు ఎండోస్కోపీకి ముందు వీరికి కూడా అవసరం లేదు.

తప్పక ఇవ్వవలసినవారు ఉన్నారు

ఇంతవరకు చదివి, అయితే ఎవరికీ వద్దన్నమాట అనుకోకండి. కొందరికి ఆ ఇంజెక్షనే ప్రాణం నిలుపుతుంది.

మొదట చెప్పవలసినది లివరు గట్టిపడి, అంటే సిర్రోసిస్ వచ్చి, రక్తం కక్కుతూ వచ్చేవారి గురించి. సారా వలన అయినా, హెపటైటిస్ బి, సి వలన అయినా లివరు పాడైనప్పుడు అన్నవాహికలో నరాలు ఉబ్బి పగులుతాయి. ఎండోస్కోపీ ద్వారా ఆ నరాలకు రబ్బరు బ్యాండ్లు వేసి రక్తాన్ని ఆపుతారు. బంధువులు రక్తాన్ని చూసి భయపడతారు, అది సహజమే. కాని వీరిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఆసుపత్రికి వచ్చేసరికే లోపల ఇన్ఫెక్షన్ ఉంటుంది. మిగిలినవారిలో మరికొందరికి వార్డులో ఉండగా వస్తుంది. ఇన్ఫెక్షన్ ఉంటే రక్తం మళ్ళీ పగిలే అవకాశం ఎక్కువ, లివరు ఇంకా దిగజారుతుంది. అందుకే ఇటువంటివారికి గొట్టం వేసేవరకు ఆగకుండా, క్యాజువాలిటీలో చేరిన వెంటనే సెఫ్ట్రియాక్సోన్ వంటి ఇంజెక్షన్ మొదలుపెట్టి, రోజుకొకటి చొప్పున ఏడు రోజుల వరకు ఇస్తారు. దీనివలన మరణాలు తగ్గాయని పరిశోధనలలో తేలింది. ఇది ఎండోస్కోపీ కోసం ఇచ్చేది కాదు, ఆ జబ్బు స్థితిని బట్టి ఇచ్చేది. రక్తం ఆగింది కదా అని రెండో రోజే డిశ్చార్జి అడగవద్దని ఆ కుటుంబాలను బ్రతిమాలుకుంటున్నాను. త్రాగుడు సంగతి దాచకుండా చెప్పండి. మేము తీర్పు తీర్చటానికి అడగటం లేదు, మందు నిర్ణయించటానికి అడుగుతున్నాము.

రెండవది, పక్షవాతం వచ్చి మింగలేనివారికి పొట్ట మీదనుండి కడుపులోకి వేసే ఆహారపు గొట్టం, దానిని పెగ్ ట్యూబు అంటారు. మామూలుగా వాడే పద్ధతిలో ఆ గొట్టాన్ని నోటిలోనుండి లోపలికి లాగి పొట్ట గోడ గుండా బయటకు తీస్తారు. నోటిలోని క్రిములను మనమే తీసుకెళ్ళి పుండులో పెట్టినట్లు అవుతుంది. గొట్టం చుట్టూ చీము పట్టకుండా సుమారు అరగంట ముందు సెఫాజోలిన్ ఒక మోతాదు ఇస్తారు. ఒకటే మోతాదు. గొట్టం వేశాక ఐదు రోజులు మాత్రలు వాడాలా అని అడుగుతారు, మామూలుగా అవసరం లేదు. నోరు శుభ్రంగా ఉంచండి, గొట్టం చుట్టూ పొడిగా ఉంచండి.

మూడవది ఇ.ఆర్.సి.పి. పసరు నాళంలో రాయి గాని, గడ్డ గాని అడ్డుపడి కామెర్లు వచ్చినప్పుడు గొట్టం ద్వారా ఆ అడ్డు తీస్తారు. అడ్డు పూర్తిగా తీసివేసి పసరు ధారాళంగా దిగితే ఇన్ఫెక్షన్ భయం తక్కువ. గడ్డ పైభాగంలో ఉండి పసరు పూర్తిగా దిగదని డాక్టరు ముందే అనుమానించినప్పుడు, లివరు మార్పిడి జరిగినవారికి, ముందు యాంటీబయోటిక్ ఇస్తారు, ఆ తర్వాత కూడా కొనసాగించవచ్చు. జ్వరము, చలి, కామెర్లు మూడూ కలిసి వచ్చినవారికైతే అది ముందు జాగ్రత్త కాదు, ఉన్న జబ్బుకు వైద్యమే.

పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవారికి కొలనోస్కోపీకి ముందు ఇస్తారు, పొట్టలో ద్రవం కూడా ఖాళీ చేయిస్తారు. కీమోథెరపీ వలన తెల్లకణాలు బాగా పడిపోయినవారి సంగతి డాక్టరు విడిగా ఆలోచిస్తారు.

పెనిసిల్లిన్ సూదిని మానవద్దు

ఇక్కడ ఒక పొరపాటు జరగటం నేను చూశాను గనుక గట్టిగా చెబుతున్నాను. కీళ్ళ జ్వరం వచ్చి వాల్వు పాడైన పిల్లలకు, యువకులకు 21 రోజులకు ఒకసారి పెనిడ్యూర్ సూది వేస్తారు. ఒకావిడ, "ఇప్పుడు వాల్వు జబ్బుకు ముందు జాగ్రత్త ఇంజెక్షన్లు అక్కరలేదంట గదా" అని కూతురికి రెండు నెలలు ఆ సూది మాన్పించింది. ఈ రెండూ వేరు! ఎండోస్కోపీకి ముందు ఇచ్చేది ఒకనాటి ముచ్చట. 21 రోజుల సూది, గొంతులో మళ్ళీ ఆ క్రిమి చేరి వాల్వును మరింత పాడుచేయకుండా కాపాడేది. గుండె డాక్టరు మానమని చెప్పేవరకు, పండుగైనా పెళ్ళైనా, అది మానకూడదు.

అలాగే పన్ను తీయించుకునేటప్పుడు కృత్రిమ వాల్వు ఉన్నవారు, ముందు ఎండోకార్డైటిస్ వచ్చినవారు, పుట్టుకతో వచ్చిన కొన్ని గుండె జబ్బులు ఉన్నవారు ఇప్పటికీ ముందుగా ఒక మోతాదు యాంటీబయోటిక్ వేసుకోవాలి. ఆ నియమం మారలేదు. మిగిలిన వాల్వు జబ్బులవారు పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు గుండె డాక్టరును ఒక మాట అడగండి.

మరి మిమ్మల్ని కాపాడేది ఏమిటి?

గొట్టం శుభ్రత. ఈ విషయం మా నర్సుల చేతిలో ఉన్నది గనుక నేను ఎక్కువ మాట్లాడితే మన్నించండి.

ఎండోస్కోపు చాలా సున్నితమైన వస్తువు. దానిని ఆపరేషన్ కత్తెరల లాగా ఆటోక్లేవ్‌లో పెడితే పాడైపోతుంది. కనుక రోగి నోటిలోనుండి గొట్టం బయటకు రాగానే, అక్కడే, మంచం పక్కనే, పైన తుడిచి సబ్బు ద్రావణం లోపలికి పీల్పించాలి. ఆరిపోతే అంటుకున్నది వదలదు. తర్వాత ఎక్కడైనా చిల్లు పడిందేమో గాలి పెట్టి చూడాలి. ఎంజైము ద్రావణంలో ముంచి, లోపలి సన్నని దారులన్నిటిలోకి పొడవాటి బ్రష్షు దూర్చి రుద్దాలి, బ్రష్షు శుభ్రంగా బయటకు వచ్చేవరకు. ఆ తర్వాతే గ్లూటరాల్డిహైడ్ వంటి క్రిమిసంహారక ద్రావణంలో పూర్తిగా మునిగేలా గడియారం చూసి ఉంచటం. రుద్దకుండా ముంచితే మురికి కింద క్రిములు హాయిగా ఉంటాయి. ఆ ద్రావణం ఘాటుకు కళ్ళు మండుతాయి, తుమ్ములు వస్తాయి, అయినా నిమిషం కూడా తగ్గించకూడదని మా పిల్లలకు రోజూ చెబుతాను. పిమ్మట మంచి నీటితో కడిగి, స్పిరిట్ పంపి, గాలితో ఆరబెట్టి నిలువుగా వ్రేలాడదీయాలి. తడి మిగిలితే రాత్రికి రాత్రి క్రిములు పెరుగుతాయి. ముక్క తీసే పట్టకారు మాత్రం ప్రతి రోగికీ స్టెరిలైజు చేసినదే ఉండాలి.

2015లో అమెరికాలో ఇ.ఆర్.సి.పి. గొట్టాల కొనలో ఉండే చిన్న కదిలే భాగంలో క్రిములు దాగి, ఒకరినుండి ఒకరికి సోకినప్పుడు అక్కడి ప్రభుత్వ ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. ఆ క్రిములు ఎటువంటివో తెలుసా? చివరి ఆయుధంగా దాచుకునే యాంటీబయోటిక్కులకు కూడా లొంగనివి. ముందుగా ఇచ్చిన ఒక ఇంజెక్షన్ మురికి గొట్టంనుండి ఎవరినీ రక్షించలేదు. అటువంటి మొండి క్రిములు మన దేశంలో తక్కువేమీ కాదు. చీటీ లేకుండా కొన్న స్ట్రిప్పులు వాటిని పెంచి పోషిస్తున్నాయి. అందుకే 2016 నుండి అటువంటి మందుల స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని కేంద్ర ప్రభుత్వము ప్రచారం చేస్తూ వచ్చింది. ఈసారి మందు కొన్నప్పుడు ఆ గీత చూడండి.

ఏ ఆసుపత్రిలోనైనా సరే, "గొట్టం ఎలా శుభ్రం చేస్తారండి?" అని మర్యాదగా అడగవచ్చు. అడిగితే మేము నొచ్చుకోము. రిజిస్టరు చూపిస్తాము.

పరీక్షకు వచ్చేటప్పుడు

మీరు మాకు చెప్పవలసినవి: ఏ ఇంజెక్షన్ అయినా, మాత్ర అయినా ఎప్పుడైనా పడకపోయిందా, వాల్వు ఆపరేషన్ జరిగిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, లివరు జబ్బు, డయాలసిస్ ఉన్నాయా, గత నెల రోజులలో ఏ యాంటీబయోటిక్ అయినా వేసుకున్నారా. రక్తం పలచబడే మందును మీ అంతట మీరు ఆపవద్దు.

ఇంటికి వెళ్ళాక చలితో జ్వరం, తగ్గని కడుపు నొప్పి, రక్తపు వాంతి, తారులాగా నల్లని విరేచనం, వీటిలో ఏది కనబడినా రాత్రి అయినా రండి. వాల్వు జబ్బు ఉన్నవారికి జ్వరం వచ్చి తగ్గకపోతే, షాపులో యాంటీబయోటిక్ కొని వేసుకోవద్దు. ముందు రక్తం కల్చరుకు ఇవ్వాలి. రెండు మాత్రలు పడితే చాలు, క్రిమి కల్చరులో పెరగదు, గుండెలో మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మాట ఇచ్చినట్లు ఆ అమ్మగారి సంగతి. పరీక్ష సజావుగానే జరిగింది. చిన్నప్రేగు మొదట్లో చిన్న పుండు కనబడింది. ఇటువంటి పుండుకు చాలాసార్లు హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి కారణం. అది ఉందో లేదో తెలుసుకోవటానికి చిన్న ముక్క తీసి పసుపు రంగు జెల్లులో పెడతాము. క్రిమి ఉంటే అది గులాబి రంగుకు తిరుగుతుంది. మేము చూస్తూనే ఉన్నాము, తిరగలేదు. డాక్టరు గారు ఆ స్ట్రిప్పు సంగతి నా నోట విని, "దీనిని నమ్మలేము" అన్నారు. గత నాలుగు వారాలలో యాంటీబయోటిక్ వాడి ఉంటే ఆ క్రిమి అణగి ఉండి, పరీక్షకు దొరకకపోవచ్చు. వాల్వు కొంచెం లీకు ఉన్న ఆమెకు ఆ క్యాప్సూల్సు గుండెకు చేసిన మేలు ఏమీ లేదు, కడుపులోని దొంగను మాత్రం దాచిపెట్టాయి.

నెల రోజులు ఆమ్లం తగ్గించే మాత్రలు ఇచ్చి, తర్వాత రెండు వారాలు అవి కూడా ఆపి, మలపరీక్ష చేయించారు. ఆ చివరి రెండు వారాలు పాపం ఆమె మళ్ళీ మంటతో బాధపడింది. పరీక్ష పాజిటివ్ వచ్చింది. అప్పుడు 14 రోజుల వైద్యం మొదలుపెట్టారు. అందులో అమాక్సిసిల్లిన్ ఉంది, దానితోపాటు మరొక యాంటీబయోటిక్, ఆమ్లం మాత్ర. అబ్బాయి చీటీ చూసి, "అదే మందు గదండీ సిస్టర్ గారూ!" అన్నాడు. "అదే బాబూ. ఇప్పుడు జబ్బు తెలిసి ఇస్తున్నాము, ఒక్క పూట కూడా తప్పించవద్దు" అని చెప్పాను. కోర్సు అయిన నెల తర్వాత చేసిన మలపరీక్షలో క్రిమి లేదు. ఆమె ఇప్పుడు రాత్రిపూట నిద్రపోతున్నది.